దూరదేశంలో ఉన్న మనవాళ్ళు వారానికి ఏం వినాలి, ఏం చదవాలి, ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది పుత్తూరు, 7 నెలలుగా మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పని దినాలు ఎలాగో గడిచిపోతున్నా, శని ఆదివారాలు వచ్చేసరికి ఇల్లు గుర్తుకొచ్చి మనసు నిలవడం లేదు. ఫోనులో తిరుపతి వీడియోలు, పాటలు, సినిమా ముక్కలు గంటల తరబడి చూస్తున్నారు గాని, చూసిన తరువాత బెంగ తగ్గకపోగా ఇంకా పెరుగుతోంది. వారం వారం ఏం చూడాలో, ఏం వినాలో, ఏం చదవాలో అనుభవం ఉన్నవారు ఎవరైనా ఒక క్రమం చెప్పగలరా అని అడిగారు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో పుట్టి పెరిగాను. న్యూజెర్సీలో 17 ఏళ్ళు ఉండి, 4 ఏళ్ళ కిందట తిరిగి ఇక్కడికే వచ్చాను. అక్కడ ఉన్న కాలంలో ప్రతి బుధవారం రాత్రి, తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు "ఈ వారం" అనే పేరుతో ఒక చిన్న జాబితా పంపేవాణ్ణి. 8 కుటుంబాలతో మొదలైన ఆ పని ఇప్పటికీ ఆగలేదు, ఇక్కడి నుంచే పంపుతున్నాను. అందువల్ల మీకు చెప్పబోయేది ఎక్కడో చదివి చెప్పేది కాదు, ఆ వారాలన్నిటిలో పనికివచ్చినదీ పనికిరానిదీ చూసి చెప్పేది.

సూటిగా చెప్పవలసిన సమాధానం ఇది: వారానికి మూడింటికి మించి పెట్టుకోకండి. ఒకటి వినడానికి, ఒకటి పైకి చదవడానికి, ఒకటి ఇంటివాళ్ళతో కలిసి ఒకే వేళకు చూడడానికి. ఆ మూడూ పూర్తి నిడివివై ఉండాలి, వాటి రోజునూ వేళనూ మన ఊరి వారాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఈ శుక్రవారం ఏ సినిమా విడుదలైందన్న దానిని బట్టి ఎంచుకోకుండా, మన ఊళ్ళో ఈ వారం ఏం జరుగుతోందన్న దానిని బట్టి ఎంచుకోండి.

మూడే ఎందుకంటే, నేను పంపిన మొదటి జాబితాలో 12 ఉండేవి. పాటలు, హరికథలు, నాటకాలు, కథలు, పాత సినిమాలు, వంటల కార్యక్రమాలు అన్నీ పెట్టాను. వారం తరువాత ఒక్కొక్కరినీ అడిగితే ఏ ఒక్కదానినీ పూర్తిగా చూసినవారు లేరు, అందరూ అన్నింటినీ కొంచెం కొంచెం ముట్టుకుని వదిలేశారు. మూడుకు తగ్గించిన నెలలోనే ఒకరితో ఒకరు ఫోను చేసుకుని "ఆ పాట విన్నారా, నాలుగో చరణంలో ఆ మాటకు అర్థమేమిటి" అని అడుగుకోవడం మొదలైంది. ఊళ్ళో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే జరిగే పని అది. పరాయి దేశంలో ముందుగా కరవయ్యేది కూడా అదే.

పూర్తి నిడివి ఎందుకంటే, దీనికి నా మొదటి ఏడాదే సాక్ష్యం. ఆ మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంటే రాత్రి 2 గంటల వరకు మేలుకుని, ఎవరెవరో ఫోనులో తీసిన అర నిమిషం, నిమిషం ముక్కలను వరుసగా చూస్తూ కూర్చునేవాణ్ణి. ప్రతి ముక్కలోనూ గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వీధి ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది. మనసు అక్కడికి చేరేలోపు వీడియో ముగిసేది, మళ్ళీ ఇంకొకటి. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. అదే సంవత్సరం చివర ఒక పెద్దాయన ఇచ్చిన 2 గంటల హరికథ రికార్డింగును ఆసాంతం విన్నాను. మొదటి 20 నిమిషాలు చెయ్యి ఫోను వైపు పోతూనే ఉంది, ఆ తరువాత కథ నడకకు ఊపిరి సర్దుకుంది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. మీకు బెంగ పెరుగుతున్నది ఊరిని చూడడం వల్ల కాదనీ, చూస్తూ చూస్తూ మాటిమాటికీ తెగిపోవడం వల్లననీ నా నమ్మకం.

ఇక మన వారం సంగతి. తిరుపతివారి వారానికి గురు, శుక్ర, శనివారాలు ప్రాణం. గురువారం ఉదయం తిరుమలలో స్వామి ఎదుట పులిహోర రాశి పోసి నివేదించే తిరుప్పావడ సేవ జరుగుతుంది, ఆ రోజు స్వామివారి ఆభరణాలను సడలించి నామాన్ని తగ్గించడం వల్ల నేత్రదర్శనం లభిస్తుంది, సాయంత్రం స్వామిని పూలతో అలంకరించే పూలంగి సేవ, శుక్రవారం తెల్లవారుజామున అభిషేకం. కొండకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఊళ్ళో ఇళ్ళలో ఆ వరుస అందరికీ తెలుసు. సుప్రభాతం తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో మొదలవుతుంది. వేసవిలో న్యూజెర్సీ గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, అక్కడ అది ముందురోజు సాయంత్రం 5:30 అవుతుంది. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి కారులో వస్తూ నేను సుప్రభాతం పెట్టుకునేవాణ్ణి, ఆ క్షణానికి కొండమీద శుక్రవారం మొదలవుతోందన్న ఎరుకతో. పక్కన కూర్చున్న సహోద్యోగి ఇది ఉదయం పాట కదా అని ఒకసారి అడిగితే, మా ఊళ్ళో ఇప్పుడు ఉదయమేనని చెప్పాను. మీకు మ్యూనిక్‌లో వేసవిలో రాత్రి 11:30, చలికాలంలో 10:30 అవుతుంది. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. వీటన్నిటినీ కలిపి, దీపం తగ్గించి, పడుకోబోయే ముందు వినండి. ఇది మూడింటి లెక్కలోకి రాదు, వారం మొదలైందని చెప్పే గంట అనుకోండి.

వినడానికి: వారమంతటికీ ఒకే ఒక్క అన్నమయ్య కీర్తన. దీనిని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా జాబితాలలో ఎన్నడూ విఫలం కానిది ఇదొక్కటే. తాళ్ళపాకలో 1408లో పుట్టి 1503లో పరమపదించిన అన్నమయ్య 16వ ఏట నుంచి సంకీర్తనలు చెప్పాడని తాళ్ళపాకవారి రాగిరేకులే చెబుతున్నాయి. 32,000 చెప్పాడని అంటారు, ఇప్పుడు మనకు దొరుకుతున్నవి 14,000 దాకా ఉన్నాయి. ఆ రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయి, 1922 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. రేకుల మీద రాగం పేరు ఉంది గాని అప్పటి బాణీ మనకు అందలేదు. మనం ఈనాడు వింటున్న బాణీలను రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, ఆయన శిష్యుడు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు మొదలైనవారు గత శతాబ్దంలో కట్టారు. అందువల్ల ఒకే కీర్తనను ఇద్దరు ముగ్గురు వేరువేరు రాగాలలో పాడి ఉంటారు. సోమవారం ఒకరి గొంతులో, బుధవారం ఇంకొకరి గొంతులో విని, శుక్రవారం నాటికి ఏ బాణీ ఆ మాటలకు ఒదిగిందో మీరే తేల్చుకోండి. ఒక్క కీర్తన వారం రోజులు ఎలా సరిపోతుందని సందేహించినవారు ఈ పని మొదలుపెట్టిన తరువాత ఇంకొకటి అడగలేదు.

బాలకృష్ణప్రసాద్‌గారు 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. ఆ వారం నా జాబితాలో ఆయన పాడిన ఒక్క కీర్తన తప్ప ఏమీ పెట్టలేదు. మీరు మొదలుపెట్టవలసింది ఆయన గొంతుతోనే అని నా సలహా. గమకాలు కమ్మగా ఉంటూనే ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపిస్తుంది, సంగీతం తెలియనివారికి కూడా సాహిత్యం చేతికి అందుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు దేవస్థానం కోసం పాడిన పంచరత్నమాల రెండో అడుగుగా పెట్టుకోవచ్చు.

వినేముందు సాహిత్యాన్ని కాగితం మీద రాసుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలను ఎలక్ట్రానిక్ పుస్తకాలుగా ఉచితంగా అందిస్తోంది, అన్నమయ్య సంపుటాలకు అక్కడ వెతకండి. అర్థం కాని మాట వస్తే నిఘంటువుకు పోయేముందు ఇంట్లో పెద్దవారిని అడగండి. అన్నమయ్య లాలి, సువ్వి, గొబ్బి, ఏల, జాజర వంటి ఆడవాళ్ళ పాటల, పల్లె పాటల వరుసలలో కూడా కీర్తనలు చెప్పాడు. మా బృందంలో చంద్రగిరి దగ్గరి నుంచి వచ్చిన ఒక గృహిణి ఒక సువ్వి పాట విని, వాళ్ళ అవ్వ రోకలి పోటుతో పాడిన పాట నడక అచ్చం ఇదేనని మాకు ఫోనులో పాడి వినిపించారు. ఆ పాటను ఆమె 30 ఏళ్ళుగా నోట పలకలేదట. ఆ తరువాతి వారం జాబితాను ఆమె చేతనే రాయించాను.

పైకి చదవడానికి: మన సీమ మాట ఉన్న కథ, వారానికి ఒకటి. కళ్ళతో చదవడం చాలదు, నోటితో చదవాలి. మీరు రోజంతా జర్మన్, ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఇంటికి ఫోను చేసినా "తిన్నావా, పడుకున్నావా" అన్న నాలుగు మాటలతో ముగుస్తుంది. నాలుకకు మన యాస కదిలే సందర్భం దొరకదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి మిట్టూరోడి కతలు పైకి చదివితే మొదటి పుటలోనే ఆ సంగతి తెలుస్తుంది. చిత్తూరు జిల్లా పల్లె మాటను అంత నిక్కంగా కాగితం మీద పెట్టినవారు అరుదు, తల్లి కష్టాన్ని అంత దగ్గరగా చెప్పినవారు మరీ అరుదు. మీరు ఒంటరిగా ఉన్నారు కనుక ఆయన కథలను వరుసగా చదవకండి. కొన్ని కథలు నవ్విస్తూనే గుండె పట్టేస్తాయి. ఒక వారం ఆయన కథ, తరువాతి వారం మధురాంతకం రాజారాంగారి కథ పెట్టుకోండి. పల్లెటూరి బడిపంతులుగా పనిచేసిన రాజారాంగారి కథల్లో కోపం చాలా తక్కువ, మనుషుల మీద ఓర్పు చాలా ఎక్కువ. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఎవరికి చదివి వినిపించాలని మీరు అడగవచ్చు. మా నాన్నగారికి చూపు మందగించిన తరువాత ప్రతి ఆదివారం ఫోనులో నేను ఆయనకు ఒక కథ చదివేవాణ్ణి. మొదట్లో ఆయన మర్యాదకు వింటున్నారేమో అనుకున్నాను. మూడో వారం ఒక మాటను నేను పుస్తకంలో ఉన్నట్టు కాక, బడిలో నేర్చుకున్నట్టు పలికితే ఆపి, "అట్ల కాదు నాయనా, ఇట్ల" అని సరిదిద్దారు. అప్పటి నుంచి ఆదివారం ఫోనుకు ఆయనే ఎదురుచూసేవారు. అలా ఆయన పోయేవరకు 6 ఏళ్ళు సాగింది. మీకు వినేవారు దొరకకపోతే మీ గొంతును రికార్డు చేసి ఇంటికి పంపండి.

కలిసి చూడడానికి: మీ పుత్తూరు భారతం. ఇది మీ ఊరివారికి నేను చెప్పవలసిన సంగతి కాదు, అయినా విదేశంలో ఉన్నవారు చాలామంది దీనిని కళగా లెక్కపెట్టరు కనుక చెబుతున్నాను. పుత్తూరు, నగరి, నాగలాపురం, సత్యవేడు వైపు ఎండాకాలం వచ్చిందంటే ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. చాలాచోట్ల అది 18 రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసురుని రోజున అన్నం బండి ఊరంతా తిరుగుతుంది, అర్జునుడు తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే పిల్లలు లేని తల్లులు కొంగు పట్టి నిలబడతారు, చివరి రోజున నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుని ప్రతిమ దగ్గర వధ జరుగుతుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. మహాభారతం మొత్తం ఊరి నేలమీద, ఊరి జనం మధ్య జరిగిపోయే ఇటువంటి ఉత్సవం మన ప్రాంతానికీ, ఆనుకుని ఉన్న తమిళ ప్రాంతానికీ దక్కిన భాగ్యం. నాటకం కట్టేవారిలో ఎంతోమంది పగలు పొలం పనికి పోయేవారే.

ఈ నాటకాలను ఊరివారు ఫోనులో తీసి నెట్‌లో పెడుతున్నారు. చిత్రీకరణ బాగుండదు, మైకు గీపెడుతుంది, మధ్యలో ఎవరో కెమెరాకు అడ్డం వస్తారు. అయినా ఒక రాత్రి నాటకాన్ని ఎంచుకుని, గంట గంట చొప్పున 4 లేక 5 వారాలకు పంచుకుని, మొదటి నుంచి చివరిదాకా చూడండి. ద్రౌపదీ వస్త్రాపహరణం రాత్రితో మొదలుపెడితే మంచిదని నా అనుభవం, కథ అందరికీ తెలుసు కనుక పద్యం మీద, అడుగు మీద దృష్టి నిలుస్తుంది. మీ అమ్మగారినీ నాన్నగారినీ అదే వేళకు అక్కడ చూడమనండి. ఫోను తెరిచి ఉంచి, మధ్యమధ్య మాట్లాడుకోండి. మా బృందంలో ఒక కుర్రవాడు ఇలా చూస్తుండగా అతని నాన్నగారు, "ఆ భీముడి వేషం కట్టినాయన నాకు బడిలో పక్క బెంచీ" అన్నారట. ఆ మాటతో ఆ నాటకం వాళ్ళింటి కథ అయిపోయింది.

గంగమ్మ జాతరకు మాత్రం నేను పై క్రమాన్ని పక్కన పెడతాను. జాతరే స్వయంగా ఒక వారం నాటకం. మంగళవారం రాత్రి చాటింపు తరువాత బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండలు, మంగళవారం జాతర, ఆ మరునాటి తెల్లవారుజామున విశ్వరూప దర్శనం, దానితో సమాప్తి. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకొక మారువేషంలో ఊరు తిరిగిందన్నది కథ. ఒళ్ళంతా తెల్లని నామకొమ్ము పూసుకున్నది బైరాగి, కుంకుమ పూసుకున్నది బండ, బొగ్గు పూసుకున్నది తోటి, చందనం పూసుకున్నది దొర. నా మొదటి ఏడాది నేను చేసిన తప్పు వీటన్నిటినీ కలగలిపి ఒకే రాత్రి చూడడం. ఆ వారం వచ్చినప్పుడు మీరు ఏ రోజు వేషాన్ని ఆ రోజే చూడండి, ముందుకు పోకండి, వెనక్కి రాకండి. అక్కడి పిల్లలకు మేము వేషాల పేర్లు వరుసగా నేర్పించాము. వాళ్ళు శనివారం వచ్చేసరికి ఈ రోజు దొర చేతిలో పాలెగాడు చస్తాడని తామే చెప్పేవారు.

సినిమాల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే వాటికి నా సిఫారసు అవసరం లేదు. 2021లో వచ్చిన పుష్ప మన యాసను దేశమంతటికీ వినిపించింది, 2024లో వచ్చిన రెండో భాగం జాతరలోని మాతంగి వేషాన్ని చూపించింది. మీ జర్మన్ మిత్రులకు మొదటి పరిచయంగా ఆ సన్నివేశం పనికివస్తుంది. మగవాడు చీర కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకోవడం మా ఊళ్ళో ప్రతి ఏటా నిజంగా జరిగేదేనని అప్పుడు చెప్పండి. నెలకొక పాత సినిమా కావాలంటే చిత్తూరు నాగయ్యగారి 1946 నాటి త్యాగయ్య చూడండి. పుట్టింది రేపల్లె అయినా, చిత్తూరు రామవిలాస సభ నాటకాలలో పేరు తెచ్చుకుని మన ఊరి పేరును తన పేరుకు ముందు జీవితాంతం మోసినవాడాయన.

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. మొదటిది, మనసు బాగా కుంగిన రోజున జాబితాను ముట్టుకోకండి. ఆ రోజు బయటికి వెళ్ళి నడవండి, ఎవరితోనైనా కూర్చుని తినండి. వారాల తరబడి నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అది పాటలతో తీరే బెంగ కాదు, వైద్యుని కలవండి. మా బృందంలో ఒకరి విషయంలో దీనిని నేను ఆలస్యంగా గుర్తించాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండవది, నెలకు ఒక ఆదివారం మ్యూనిక్‌కు ఇవ్వండి. మీ నగరంలోని ఆల్టే పినాకోథెక్ చిత్రశాలకు వెళ్ళండి. అక్కడి పాత క్రైస్తవ చిత్రాలలో ఒక కథను ఒకే పలక మీద ఎలా విడదీసి చెప్పారో చూసినప్పుడు మీకు శ్రీకాళహస్తి కలంకారీ తెర గుర్తుకొస్తుంది, కథను గళ్ళు గళ్ళుగా చెప్పి కింద తెలుగు అక్షరాలలో పేర్లు రాసే ఆ పనితనం మీద కొత్త గౌరవం కలుగుతుంది. ఉన్న ఊరిని పూర్తిగా మూసేసుకున్నవారికి సొంత ఊరు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోయి, విడిచి వచ్చిన ఏడాది దగ్గరే ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. అటువంటివారు తిరిగి వచ్చి, ఇది మా తిరుపతి కాదని కోప్పడుతుంటారు.

సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే పెరటాసి నెల వచ్చినప్పుడు శనివారాలకు వేరే జాబితా అక్కరలేదు. నామం పెట్టుకుని, స్వామికి అన్నం నైవేద్యంగా తళిగ వేసి, గోవింద కొట్టి, ఆ అన్నాన్ని పక్కింటివారికి ఇంత పెట్టండి. మా ఇంట్లో 17 ఏళ్ళలో ఒక్క పెరటాసి శనివారం కూడా తప్పలేదు.

మీరు ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ ఈ వారం కూడా పోగొట్టుకోకుండా, మొదటి జాబితా నేనే ఇస్తున్నాను. గురువారం రాత్రి పడుకోబోయే ముందు సుప్రభాతం. వారమంతా వినడానికి బాలకృష్ణప్రసాద్‌గారి గొంతులో "అదివో అల్లదివో", కపిలతీర్థం దగ్గర నిలబడి కొండవైపు తలెత్తి చూస్తున్నట్టు ఊహించుకుంటూ. ఆదివారం మీ అమ్మగారికి ఫోనులో రాజారాంగారి కథ ఒకటి. శనివారం పుత్తూరు భారతంలోని ఒక రాత్రి నాటకం మొదటి గంట, మీకు మధ్యాహ్నం 2 గంటలకు. వేసవిలో అయితే అప్పటికి పుత్తూరులో సాయంత్రం 5:30 అవుతుంది, చలికాలంలో 6:30. ఏ వేళైనా అమ్మగారికి సంజె దీపం పెట్టే పని ఉంటుంది కనుక, చూడడం ఎప్పుడు మొదలుపెట్టాలో ముందురోజే ఆమెను అడిగి పెట్టుకోండి.